కొమరం భీముపై మోపిన నేరము

మాండవ్య మహర్షి కథ మన పాఠకులు భారతమున చదివినదే. దొంగలు కొందరు రాజభటులకు వెరచి, దొంగిలించిన సొత్తుతో ఆ ముని ఆశ్రమమున దాగిరి. మౌనవ్రతమున నున్న ముని, భటులడిగిన ప్రశ్నకు బదులు చెప్పలేదు. సొత్తు ఆశ్రమముననే దొరికెను గావున మునియు దొంగలలో నొకడేయని భటులు రాజునకు విన్నవించిరి. రాజు విచారింపకయే ఆతనిని కొరత వేయించెను. భటులు విన్నవించిన సంగతులలో కల్ల యేమున్నది? సొత్తు దొరికినది నిజము. దొంగలు దొరికినది నిజము. ముని బదులు పలుకనిదియు నిజము. అయినను ఆ మూడు నిజములును కలసి ఒక నిరపరాధిని కొరతపై నిలిపినవి.

తప్పుడు నివేదిక యనగా లేని సంగతిని కల్పించి వ్రాయుటయే యని మనము సాధారణముగా తలంతుము. అదియు కలదు, కాని అది మోటు పద్ధతి, ఏనాటికైనను బయటపడును. అంతకంటె ప్రమాదకరమైనది మరియొకటి కలదు. జరిగిన సంగతులలో తనకు గిట్టనివానిని విడిచి, తనకు అనుకూలమైనచోట కథ నారంభించుటయే అది. పేదవాని ఇల్లు కాలిన దినమున కాక, ఆతడు కర్ర చేపట్టిన దినమున కథ మొదలు పెట్టినయెడల, ఎంతటి సాధువైనను నేరస్థుడగును. అట్టి వ్రాతలో అబద్ధమైన మాట యొక్కటియు నుండనక్కరలేదు. అబద్ధము వ్రాత మొదలైన చోటనే యుండును. మన ఉత్తర తెలంగాణపు అడవులలో జీవించి, ఆ అడవులలోనే తుపాకి గుండ్లకు ప్రాణములర్పించిన కొమరం భీము జీవితము దీనికి సాక్ష్యము.

ఆ జీవితమునందలి తొలి భాగము గోండుల నోటను, వారి పాటలందును నిలిచినది. సర్కారు కంటికి ఆతడు ప్రముఖముగా కనబడినది కడపటి భాగమున మాత్రమే. కావున జనశ్రుతిని జనశ్రుతి యనియే చెప్పుచు, మాకు తెలిసినంతవరకు ఆ జీవితమును మొదటినుండి చెప్పుట మా ఉద్దేశము.

కరీంనగరు వైపునుండి గోదావరి దాటి ఉత్తరమునకు పోయినచో, పెన్‌గంగ, ప్రాణహిత, గోదావరి అను మూడు నదుల నడుమనున్న కొండలు, అడవులు కనబడును. ఇది నిజాము రాజ్యమున ఆదిలాబాదు సీమ. ఇచ్చట తమ్ము తాము కోయితూరు లని చెప్పుకొను గోండులు, వారితోపాటు కోలాములు, పరధానులు, తోటీలు అనాదిగా నివసించుచున్నారు. గోండులను అడవి మనుష్యులని తేలికగా చూచువారు, వారికొక రాజ్యముండెడిదని మరచుచుందురు. చాందా కోటనుండి గోండు రాజులు శతాబ్దములు పాలించిరి. 1751లో నాగపూరు భోంసలేల చేతిలో ఆ రాజ్యము అంతరించెను. తరువాత నూరేండ్లకు, 1857నాటి మహాసంగ్రామపు వేడి చల్లారకమునుపే, రాంజీ గోండు నిర్మల ప్రాంతమున పరదొరతనముతో పోరి, 1860లో తన అనుచరులతో కూడ ఉరికంబమెక్కెను. ఆ ఉరులు బిగించిన మర్రిచెట్టు కథను నిర్మలవాసులు నేటికిని చెప్పుకొందురు.

రాజ్యము పోయినను గోండులకు భూమి మిగిలెను. ఆ భూమికి కాగితము మాత్రము లేదు. ఒక చేను దున్ని, అది అలసిన పిమ్మట విడిచి, వేరొకచోట అడవి నరికి పంట వేయుట, మరల కొన్నేండ్లకు పాత చేనికి వచ్చుట వారి పద్ధతి. విశ్రాంతికై విడిచిన చేనిలో చెట్లు మొలచును. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో జంగ్లాత్ శాఖవారు అడవులకు హద్దులు నాటి రిజర్వు చేసినప్పుడు, ఆ బీడు పొలములు అడవిలో కలసిపోయెను. కొన్నిచోట్ల గూడెములకు గూడెములే హద్దుల లోపల చిక్కుకొనెను. నిన్న తాత దున్నిన నేలను నేడు మనుమడు దున్నినచో నేరమాయెను. పశువులను మేపిన సుంకము. కట్టె కొట్టిన జరిమానా. నాగలి చేసికొన్నను చౌకీదారునకు మామూలు.

అదే సమయమున కాజీపేట నుండి బల్లార్షా వరకు రైలు వచ్చెను. 1929 నాటికి మద్రాసు ఢిల్లీల నడుమ దారి యేర్పడెను. రైలుతోపాటు వ్యాపారులును, భూమి కోరిన రైతులును, కచేరీ మర్మమెరిగిన మోతుబరులును వచ్చిరి. కచేరీ భాష ఉర్దూ. గోండు మాటలాడునది గోండి. తన మొర దొరకు చేరవలెనన్నచో ఆతడు అర్జీ వ్రాయువానిని ఆశ్రయింపవలెను. ఆ అర్జీలో ఏమి వ్రాయబడెనో ఆతడెరుగడు. ఎదుటిపక్షమువాడు మాత్రము తన పేర పట్టా వ్రాయించుకొని, ముద్ర వేయించుకొని, దున్నుచున్నవానినే అక్రమస్థుడని ఫిర్యాదు చేయగలడు. మాండవ్యుడు వ్రతమువలన మౌని. గోండును కచేరీయే మౌనిని చేసెను.

ఇట్టి కాలమున, 1901 ప్రాంతమున, ఆసిఫాబాదు దగ్గరి సంకెపల్లిలో భీము పుట్టెనని చెప్పుదురు. తండ్రి చిన్ను. జంగ్లాత్ సిబ్బందితో వచ్చిన ఘర్షణలో తండ్రి ప్రాణములు కోల్పోయెననియు, పిమ్మట ఆ కుటుంబము కెరమెరి చెంతనున్న సుర్దాపూరుకు తరలిపోయెననియు జనశ్రుతి. అచ్చట అన్నదమ్ములు అడవి చదును చేసి పంట వేసిరి. పంట చేతికి వచ్చు వేళకు సిద్దీఖు అను భూస్వామి వచ్చి, ఆ భూమికి పట్టా తన పేర నున్నదని చెప్పి, పంటను తీసికొనబోయెను. మాటకు మాట పెరిగెను. భీము కర్రతో కొట్టిన దెబ్బకు సిద్దీఖు చనిపోయెను. భీము పారిపోయెను.

ఇచ్చట మేము పాఠకులకొక మాట చెప్పవలసియున్నది. వీరుల జీవితములు వ్రాయువారు ఇట్టి ఘట్టమును దాచుటయో, పొగడుటయో చేయుచుందురు. రెండును తగవు. ఒక మనుష్యుడు చనిపోయినాడు, అది నేరమే. న్యాయస్థానమొకటి ఉండి, ఉభయుల మాటలును విని, పట్టా ఎట్లు పుట్టినది, పంట ఎవరిది, దెబ్బ ఏ పరిస్థితిలో పడినది అని విచారించియుండినచో, భీమునకు శిక్షయు పడియుండవచ్చును, ఆ శిక్షకొక పరిమితియు నుండియుండును. కాని గోండు మాట వినిపించుకొను కచేరీ యుండునను నమ్మకము ఆ యువకునకు ఉండుటెట్లు? పారిపోవుట తప్ప దారి కనబడలేదు. పారిపోయినవానిపై ఆ తరువాత ఏ నేరమును మోపినను లోకము నమ్ముట సులభము. తప్పుడు నేరము మోపువారికి ఒక చిన్న నిజమైన నేరము కంటె మంచి పెట్టుబడి లేదు.

భీము మొదట బల్లార్షా, చాందా ప్రాంతములకు చేరెననియు, అచ్చట విఠోబా యను నొకని ముద్రాక్షరశాలలో పని కుదిరెననియు చెప్పుదురు. ఆ చోటనే ఆతడు చదువను వ్రాయను నేర్చెను. తరువాత అస్సాము తేయాకు తోటలకు కూలిగా పోయెననియు, కొన్నేండ్లు అచ్చట గడిపి, కూలీల కష్టములును వారి కలహములును చూచి తిరిగివచ్చెననియు కథనము. ఇందులోని ప్రతి మలుపును మేము నిర్ధారింపజాలము. కాని ఒక సంగతి నిస్సందేహము. తిరిగి వచ్చిన భీము అక్షరమెరిగిన గోండు. తన జాతిని నలిపినది తుపాకి కంటె ముందు కాగితమని ఆతడు గ్రహించెను.

ఆ గ్రహింపు ఆతనిని వెంటనే యుద్ధమునకు పురికొల్పలేదు. పాఠకులు దీనిని ముఖ్యముగా గమనింప వేడెదము. తిరిగివచ్చిన భీము కాకన్‌ఘాటున లచ్చుపటేలు అను గ్రామపెద్ద చెంత పనిలో చేరెను. ఆ పటేలునకు భూమి విషయమై వ్యాజ్యమొకటి యుండెను. భీము ఆ వ్యాజ్యమున ఆతనికి తోడ్పడెననియు, అందువలననే చుట్టుప్రక్కల గూడెములలో ఆతనికి పేరు వచ్చెననియు చెప్పుదురు. సోంబాయితో వివాహమును అప్పుడే జరిగెను. అనగా సర్కారు రాజద్రోహి యని తలచిన మనుష్యుని తొలి కీర్తి, సర్కారు కచేరీలోనే న్యాయము దొరకునని నమ్మి వ్యాజ్యము నడిపించుటవలన కలిగినది.

పిమ్మట ఆతడు బంధువులతోను, మరికొన్ని గోండు, కోలాము కుటుంబములతోను బాబేఝరి ప్రాంతమున స్థిరపడెను. అడవి నరికి పొలములు చేసిరి, ఇండ్లు కట్టిరి. జంగ్లాత్ సిబ్బంది వచ్చిరి. ఇది రిజర్వు అడవి యనిరి, లేచిపొమ్మనిరి. లేచి పోవుటకు చోటేది? ఇచ్చట నుండి పొమ్మన్నవాడు అచ్చటను పొమ్మనును. మామూళ్లు ఇచ్చినంతకాలము ఊరకుండుట, ఇయ్యనప్పుడు చట్టము జ్ఞాపకము వచ్చుట ఆ కాలపు క్రింది ఉద్యోగుల పద్ధతి. చివరకు గుడిసెలకు నిప్పు పెట్టబడెను. పంట పోయెను, పశువులు చెదరెను.

అప్పుడు భీము చేసినదేమి? మరల కాగితమునే పట్టెను. ఆసిఫాబాదు అధికారులకు మొర పెట్టుకొనెను. అచ్చట పని జరుగనందున, నిజాము ప్రభువునకే విన్నవించుకొనవలెనని హైదరాబాదు పోయెననియు, దర్శనము దొరకక తిరిగి వచ్చెననియు గోండులు చెప్పుకొందురు. అన్నము లేక, రాజధాని వీథులలో ఒక కోయితూరు అర్జీ చేతబట్టుకొని నిలిచిన దృశ్యమును పాఠకులు ఒక్కసారి ఊహించుకొందురు గాక. ఆ దినమున ఏ యొక గుమాస్తా అయినను ఆ అర్జీని అందుకొని, మొదటి పంక్తినుండి చదివియుండినచో, ఈ చరిత్ర మరొక విధముగా నుండెడిది.

తిరిగివచ్చిన భీము పండ్రెండు గూడెముల పెద్దలను కూడగట్టెను. జోడెఘాటు, బాబేఝరి, పట్నాపూరు, టోకెన్‌మోవాడు మొదలైనవి ఆ గూడెములు. నీటిపైన, అడవిపైన, నేలపైన తమకే హక్కు కలదని ఆతడు వారికి బోధించెను. జంగ్లాత్ సిబ్బందిని లోనికి రానీయలేదు. యువకులు విల్లంబులు, బల్లెములు, కొన్ని నాటు తుపాకులు చేతబట్టిరి. సర్కారు పక్షమున రాయబారము వచ్చినప్పుడు, పట్టాలు మాత్రమే చాలవు, మా గూడెములపై మా పాలన కావలెనని ఆతడు కోరెనని జనశ్రుతి.

ఇదే అధికారులకు దొరికిన నేరము. గోండు రాజ్యమును స్థాపింపబూనెను, ఆయుధములు సేకరించెను, సర్కారు నౌకరులను అడ్డగించెను, మున్నొక మనుష్యుని చంపి పారిపోయినవాడు. ఈ నాలుగు సంగతులను వరుసగా వ్రాసి చూడుడు. ఎంతటి న్యాయమూర్తియైనను తల పంకించును. ఇందులో ఏది అబద్ధము? ఒక్కటియు కాదని అధికారులు వాదింపవచ్చును. కాని ఈ నాలుగింటికి ముందు జరిగిన నాలుగింటిని వ్రాసి చూడుడు. తాత దున్నిన నేలను అడవియని గీత గీసిరి. పండిన పంటపై పరుని పట్టా పుట్టెను. నివసించు గుడిసెలకు నిప్పు పెట్టిరి. పెట్టుకొన్న అర్జీ విన్నవారు లేరు. ఇప్పుడు ఎనిమిదింటిని కలిపి చదువుడు. రాజద్రోహము కారణము కాదు, కార్యము. కార్యమును కారణముగా వ్రాసి, కారణమును వ్రాయకుండుటయే ఈ నేరారోపణలోని అసత్యము.

మరియొక సంగతి. గుడిసెలు కాలినవని ఫిర్యాదు చేయవలసినవాడు గోండు. ఆ ఫిర్యాదు పుచ్చుకొనవలసినది సర్కారు. గుడిసెలు కాల్చినది సర్కారు నౌకరులు. నేరము చేసినవానికే నేరము వ్రాయు అధికారమున్నచోట, నేరస్థుని స్థానమున బాధితుని పేరు పడకుండునా? ఇది ఒక్క నిజాము రాజ్యపు లక్షణము కాదు. బ్రిటిషు ఏలుబడిలోని మన్యమునను ఇట్లే జరిగెను. మన్యపు ప్రజలచే కూలి లేకుండ బాటలు వేయించిన తహసీలుదారుని దౌర్జన్యము వెనుకబడి, అల్లూరి సీతారామరాజు పోలీసు ఠాణాలపై పడినది మాత్రమే ముందునకు వచ్చెను. 1924 మే నెలలో ఆతనిని పట్టుకొని, విచారణ లేకయే కాల్చిరి.

భీము విషయమునను న్యాయస్థానము కూడలేదు. 1940లో, ఆశ్వయుజ మాసపు వెన్నెల రాత్రి, సాయుధులైన పోలీసులు జోడెఘాటు చుట్టుముట్టిరి. దారి చూపినవాడు గోండులలోనివాడేయని చెప్పుదురు. తుపాకులు మ్రోగెను. భీమును, ఆతనితో నున్న పలువురు సహచరులును నేలకొరిగిరి. ఆతని వయస్సు నలువదియేండ్లు నిండలేదు. పోలీసుల మాటలో ఒక తిరుగుబాటు అణగెను. ఆతని మాట వినుటకు ఆతడు మిగులలేదు. తప్పుడు నేరము మోపబడిన ప్రతివానికి ఒక్క హక్కు మాత్రము ఎల్లప్పుడును ఉండవలెను: బదులు చెప్పు హక్కు. భీమునకు లేకపోయినది అదియే.

ఫ్రాన్సు దేశమున డ్రైఫసు అను సైనికాధికారిపై 1894లో దేశద్రోహపు నేరము మోపి, దూరపు దీవికి పంపిరి. ఆతని నేరము కల్ల యని నిరూపించుటకు పత్రికలు, పండితులు, ప్రజలు పండ్రెండేండ్లు పోరాడిరి. 1906లో ఆతడు నిర్దోషి యని తేలెను, మరల సైన్యమున చేరెను. డ్రైఫసు బ్రదికియుండెను, ఆతని భాష న్యాయమూర్తుల భాషయే, ఆతని పక్షమున వ్రాయ కలములుండెను. జోడెఘాటు గోండులకు ఈ మూడింటిలో ఒక్కటియు లేదు. వారి పక్షమున కలము పట్టినవాడు రావలెనన్నచో, విచిత్రముగా, మరియొక అనుమానితుడే రావలసి వచ్చెను.

ఆస్ట్రియా దేశీయుడగు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1939లో హైదరాబాదు వచ్చియుండెను. ఆస్ట్రియాను జర్మనీ కలుపుకొన్నందున ఆయన వద్ద నున్నది జర్మను పత్రము. మహాయుద్ధము ఆరంభము కాగానే బ్రిటిషువారి దృష్టిలో ఆయన శత్రుదేశీయుడాయెను. నిజాము రాజ్యము దాటి పోరాదని కట్టుబాటు చేసిరి. తాను చేయని నేరమునకు, చేతిలోని కాగితమునుబట్టి అనుమానింపబడుట యేమో ఎరిగిన ఆ విద్వాంసుడు గోండుల మధ్యకు వచ్చి, మార్లవాయి గూడెమున నివాసమేర్పరచుకొని, వారి భాష నేర్చి, వారి మాటలు వినెను. జోడెఘాటు కల్లోలమునకు మూలకారణములు విచారింప పూనిన సర్కారు ఆయన పరిశీలనలను స్వీకరించెను.

ఆయన చేసినదెల్ల కథను ఇంకను కొంచెము ముందునుండి మొదలు పెట్టుటయే. అడవి హద్దులు ఎట్లు నాటబడెనో, గోండుల భూమి ఎట్లు పరుల పట్టాలలోనికి పోయెనో, క్రింది ఉద్యోగుల వసూళ్లు ఎట్లుండెనో ఆయన నివేదికలు చూపెను. 1945లో అవి గ్రంథరూపమున వెలువడెను. అంతట అదే సర్కారు, అదే రాజ్యము, అదే అడవి. కాని వ్రాత మొదలైన చోటు మారగానే నిర్ణయమును మారెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణాకేంద్రము వెలసెను. గోండి భాషలో వాచకములు అచ్చయ్యెను. ఆ దశకము ముగియులోపల ఆదిలాబాదు జిల్లాలో సుమారు 1,60,000 ఎకరముల భూమి పదునొకండు వేలకు పైబడిన గిరిజన కుటుంబములకు పట్టాగా దక్కెను. సేతుమాధవరావు పగడీ వంటి సహృదయులగు ఉద్యోగులు ఈ పనిలో పాటుపడిరి. గిరిజన ప్రాంతముల రక్షణకు 1356 ఫసలీలో, అనగా 1946 ప్రాంతమున, ప్రత్యేక శాసనమును పుట్టెను. భీము బ్రదికియుండగా ఒక చేనికి దొరకని కాగితము, ఆతడు చనిపోయిన పిమ్మట ఒక జాతికి దొరకెను. రాజద్రోహి యని కాల్చబడినవాడు అడిగినదానిలో పెద్దపాలు న్యాయమేయని ఇంతకంటె స్పష్టముగా ఏ తీర్పు చెప్పగలదు? కాని ఆ తీర్పును సర్కారు నోట పలుకలేదు, పేరు తుడువలేదు.

పేరు తుడువని దోషము మరల పుట్టుచునే యుండును. 1981 ఏప్రిల్ 20వ తేదీ సోమవారమున, ఇంద్రవెల్లిలో సంత జరుగు దినమున, గిరిజన రైతుకూలీ సంఘము సభ తలపెట్టెను. మొదట ఇచ్చిన అనుమతిని అధికారులు రద్దుచేసి నిషేధాజ్ఞలు విధించిరి. సంతకు వచ్చినవారు, సభకు వచ్చినవారు, ఆజ్ఞ సంగతి తెలియనివారు గుమిగూడిరి. పోలీసులు కాల్పులు జరిపిరి. ఒక పోలీసు జవానును మరణించెను. మృతులైన గిరిజనులు 13 మంది యని సర్కారు లెక్క. అంతకు ఎన్నో రెట్లు అధికమని పౌరహక్కుల వారును, గోండులును చెప్పిరి. అప్పుడును వ్రాత మొదలైనది గుంపు తిరుగబడినచోట. చేజారిపోయిన భూముల చోట కాదు. మరుసటి సంవత్సరమే హైమెన్‌డార్ఫ్ తన గ్రంథమున, నలువది యేండ్ల క్రిందట గోండులకిప్పించిన భూములు మరల ఎట్లు పరహస్తగతమాయెనో వివరించి దుఃఖించెను.

నేడు చట్టములు మారినవి. అడవిబిడ్డలకు చారిత్రకముగా అన్యాయము జరిగినదని 2006నాటి అటవీహక్కుల చట్టము తన పీఠికలోనే ఒప్పుకొన్నది. భీము కోరినదానిలో కొంత, అరువదియారేండ్ల పిమ్మట, భారత పార్లమెంటు నోట వెలువడినది. తప్పుడు సమాచారమిచ్చి ప్రభుత్వోద్యోగిచే ఇతరులకు హాని చేయించుట భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షను క్రిందను, చెరుపు చేయు తలంపుతో తప్పుడు నేరము మోపుట 248వ సెక్షను క్రిందను శిక్షార్హములు. ఆదివాసులపైనను, దళితులపైనను దురుద్దేశముతో తప్పుడు కేసులు పెట్టుట 1989నాటి అత్యాచార నిరోధక చట్టము ప్రకారము ప్రత్యేక నేరము. ఠాణాలో నమోదైన సమాచారపు ప్రతిని ఫిర్యాదిదారునకు ఉచితముగా ఈయవలెను. ఠాణాలో పుచ్చుకొననియెడల జిల్లా పోలీసు అధికారికి వ్రాతమూలకముగా పంపవచ్చును. అచ్చటను కానిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. భీము హైదరాబాదు వీథులలో వెదకిన తలుపులు, కాగితముపైనైనను, నేడు తెరువబడియున్నవి.

కాని చట్టమున్నంత మాత్రమున వ్రాత సత్యమగునా? వ్రాయువాడు నేటికిని మనుష్యుడే. ఆతనికి మొగమాటములు, భయములు, లాభములు కలవు. పోడుభూముల తగవులలో నేటికిని ఫిర్యాదు కట్టెలు విరిగిన చోటనే మొదలగుచుండుట మనము చూచుచున్నాము. కావున ఈ జీవితమునుండి మేము గ్రహించిన పాఠమును మా పాఠకులకు విన్నవించెదము. మీ గ్రామమున ఒక పేదవానిపై నేరము మోపబడినప్పుడు, ఆతడు నిర్దోషి యని వెంటనే కేకలు వేయనక్కరలేదు. దోషి యని తల పంకింపను అక్కరలేదు. ఒక్క ప్రశ్న అడుగుడు: దీనికి ముందేమి జరిగెను? ఆ ప్రశ్నకు బదులు దొరకువరకు విడువకుడు. నేరము మోపబడినవాని పక్షమున వ్రాయ పూనిన వకీలు గాని, ఉపాధ్యాయుడు గాని, చదువుకొన్న యువకుడు గాని, గొడవ జరిగిన దినమునుండి కాక, గొడవకు విత్తు పడిన దినమునుండి తేదీలతో సహా వ్రాయవలెను. పట్టా ఎప్పుడు, ఎవరి పేర. అర్జీ ఎప్పుడు, ఎవరి చేతికి. రసీదు ఉన్నదా లేదా. ఆవేశము కంటె ఒక్క రసీదు నిరపరాధిని ఎక్కువగా కాపాడును. ఠాణాలో కూర్చుండి వ్రాయు ఉద్యోగికి మేము చెప్పునదియు అదియే. ఆతడు సర్కారు సొమ్ము తిని సర్కారును మెప్పింపనక్కరలేదు. జరిగినది మొదటినుండి వ్రాసినచో చాలును. అట్లు వ్రాసిన ఒక్క గుమాస్తా 1940కి ముందు ఆసిఫాబాదులో ఉండినచో, తుపాకులు అక్కరలేకపోయెడివి.

భీము పేరు నేడు మరుగున పడలేదు. అల్లం రాజయ్య, సాహు ఆతని కథను నవలగా వ్రాసిరి. హైదరాబాదు ట్యాంకుబండుపై ఆతని విగ్రహము నిలిచినది. ఏ రాజధానిలో ఆతని అర్జీని అందుకొన్నవారు లేరో, ఆ రాజధానియే ఆతనికి పీఠము వేసినది. 2016లో ఆసిఫాబాదు కేంద్రముగా ఏర్పడిన జిల్లాకు ఆతని పేరే పెట్టిరి. ఏ కచేరీలో ఆతడు నేరస్థుడో, ఆ ఊరి కచేరీలో నేడు ప్రతి కాగితము పైనను ఆతని పేరు ముద్రితమగుచున్నది. కాలము చేయు న్యాయమిట్లుండును. కాని అది చనిపోయినవారికి అందదు.

ప్రతి సంవత్సరమును ఆశ్వయుజ పూర్ణిమకు జోడెఘాటున గోండులు, కోలాములు గుమిగూడి ఆతనిని తలచుకొందురు. ఉద్యోగులును పోయి పూలమాలలు వేయుదురు. ఆ మాలలతోపాటు ఒక్క పని చేయవలెనని మా మనవి. ఆ దినమున అచ్చటికి అర్జీ పట్టుకొని వచ్చు గోండును నిలిపి, ఆతని అర్జీని మొదటి పంక్తినుండి చదువవలెను. చదివి, అందినదని రసీదు వ్రాసి ఆతని చేతికీయవలెను. భీము ఎదురు చూచినది దానికే.